వదలని కాళ్లు

హోల్టర్‌బెక్ బొగ్గు గని కాలనీలో ఎవాల్డ్ సోబోట్కా ఫుట్‌బాల్ ఆట చూసినవాళ్లు ఇప్పటికీ ఒక మాట చెప్పి నవ్వుతారు. పదకొండేళ్లు డిఫెండర్‌గా ఆడి అతను కొట్టింది రెండే గోల్స్, అందులో ఒకటి సొంత గోల్‌లోనే అని. అయినా ఆ పదకొండేళ్లూ అతన్ని దాటి వెళ్లడమంటే ఎదుటి జట్టువాళ్లకు చెమటలు పట్టేవి.

ఆ పదకొండేళ్లూ మొదలుకాకుండానే ముగిసిపోవలసింది. 1947 అక్టోబరులో ఒక ఆదివారం జరిగిన దుంపల ఆట వల్ల.

యుద్ధం ముగిసి రెండేళ్లయినా కాలనీలో ఎవరి కడుపూ నిండేది కాదు. రేషన్ కార్డు మీద వచ్చే రొట్టె మూడు రోజులకు సరిపోతే, మిగతా రోజులు గంజితో గడిచేవి. అందుకని లీగ్ ఆట లేని ఆదివారాల్లో జట్టు లారీ ఎక్కి ఉత్తరాన ఉన్న రైతుల ఊళ్లకు పోయేది. అక్కడి కుర్రాళ్లతో ఒక ఆట ఆడితే మనిషికి అర బస్తా బంగాళాదుంపలు, కడుపునిండా భోజనం. రైతు మనసు బాగుంటే ఆ పైన పొగబెట్టిన పందిమాంసం కూడా ఒక ముక్క.

ఎవాల్డ్‌కు ఇరవై మూడేళ్లు. యుద్ధ బందీల శిబిరం నుంచి వసంతంలోనే ఇంటికొచ్చి గనిలో దిగాడు. పదేళ్ల వయసు నుంచి కంచె బయట నిలబడి చూసిన జట్టులోకి ఇన్నాళ్లకు పిలుపు వచ్చింది. నడిమి డిఫెండర్ కాలు గనిలో రాయి కింద పడి విరిగింది. ఆ చోటుకు ఎవాల్డ్ పనికొస్తాడో లేదో ఈ ఆటలో చూస్తానన్నాడు శిక్షకుడు వీస్నర్. పనికొస్తే వచ్చే ఆదివారం లీగ్ ఆట. లేకపోతే మళ్లీ కంచె బయటే.

పెట్రోలు కరువు వల్ల లారీ కట్టెలు కాల్చిన పొగతో నడిచేది. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరూ దిగి తోయాలి. అలా తోస్తున్నప్పుడు కెప్టెన్ లిపిన్‌స్కీ, ముప్పై అయిదేళ్ల బట్టతల మనిషి, ఎవాల్డ్ పక్కకు వచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఒక సంగతి విను. మనం గెలవాలి, నిజమే. కానీ అన్నం పెట్టేవాణ్ణి ఏడిపించకూడదు. ఆఖరి పది నిమిషాల్లో వాళ్లకి ఒక గోల్ వదిలెయ్యాలి. రైతు వెర్నింక్ కొడుకు క్లెమెన్స్ ఉన్నాడే, పొడుగ్గా, ఎర్రజుట్టు. ఆ గోల్ వాడిదే అవ్వాలి."

"వదిలెయ్యడం అంటే?"

"అంటే ఏముందిరా, కాలు జారి పడు. చేతకాదా? మా ఇంటికి అద్దె అడగడానికి వచ్చేవాడు మెట్ల మీద రోజూ పడతాడు, నేర్పిస్తాడులే."

అందరూ నవ్వారు. ఎవాల్డ్ కూడా నవ్వి, సరేనన్నాడు.

మైదానం అంటే నిన్నటిదాకా ఆవులు మేసిన బీడు. ఊరంతా చుట్టూ నిలబడింది. సగం ఆట అయ్యేసరికి హోల్టర్‌బెక్ మూడు గోల్స్ వేసింది. తర్వాత నాలుగోది. క్లెమెన్స్ మాత్రం పట్టు వదలక పరిగెత్తుతూనే ఉన్నాడు. అతనికి బంతి అందినప్పుడల్లా ఎవాల్డ్ దాన్ని అతని కాళ్ల దగ్గర నుంచి తీసుకుపోతూనే ఉన్నాడు. కొట్టడం లేదు, తొయ్యడం లేదు. పక్కింటివాళ్ల పెరట్లో ఆరేసిన బట్ట గాలికి పడితే తీసి ఇచ్చినంత మర్యాదగా.

ఆఖరి పది నిమిషాలు వచ్చాయి. లిపిన్‌స్కీ దగ్గాడు. ఎవాల్డ్‌కు వినిపించింది. క్లెమెన్స్ ఎడమ వైపు నుంచి వచ్చాడు. ఇదే సమయం, పడిపోవాలి అనుకున్నాడు ఎవాల్డ్. అనుకుంటూ ఉండగానే బంతి తన కాళ్ల కింద ఉంది.

"ఏరా, చెవుడా నీకు?" అన్నాడు లిపిన్‌స్కీ పళ్ల బిగువున.

"పడదామనే అనుకున్నాను."

"అనుకోవడం కాదురా, పడాలి. పెళ్లికి పిలిస్తే వచ్చి పెళ్లికొడుకునే కింద పడేసినట్టుంది నీ పని."

చిన్నప్పుడు ఎవాల్డ్ వాళ్ల సందు చివర కాలువ ఉండేది. పిల్లలందరికీ కలిపి ఒకటే బంతి. ఎవాల్డ్‌ను దాటిందంటే అది నీళ్లలో పడాల్సిందే, ఆ రోజు ఆట ముగియాల్సిందే. ఏడేళ్లు ఆ కాలువ ముందు నిలబడి పెరిగిన కాళ్లు ఇవి. బంతిని పోనివ్వడం వాటికి ఎవరూ నేర్పలేదు.

మళ్లీ వచ్చాడు క్లెమెన్స్. మళ్లీ బంతి ఎవాల్డ్‌దే అయింది. మైదానం అంచున వెర్నింక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చివరి నిమిషంలో క్లెమెన్స్ ఒంటరిగా ఎదురొచ్చాడు. ఎవాల్డ్ ఈసారి కళ్లు మూసుకున్నంత పని చేసి, రెండడుగులు పక్కకు జరిగాడు. దారి తలుపు తీసినట్టుగా తెరుచుకుంది.

క్లెమెన్స్ ఆగిపోయాడు. బంతి మీద కాలు పెట్టి నిలబడ్డాడు. రొప్పుతూ, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు: "సరిగ్గా నిలబడు."

"ఏంటి?"

"ఇంతకుముందు మూడు జట్లు వచ్చాయి. ముగ్గురు పడ్డారు నా ముందు. ఊళ్లో నన్నేమంటున్నారో నీకు తెలీదు. నువ్వొక్కడివే ఇంతసేపూ నిజంగా ఆడావు. నువ్వు కూడా ఇలా చెయ్యకు."

ఎవాల్డ్ వెనక్కి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. క్లెమెన్స్ కుడికి కదిలి ఎడమకు తిరిగాడు. చాలా బాగా తిరిగాడు. అయినా బంతి దాటలేదు. ఈల మోగింది. నాలుగు, సున్నా.

వెర్నింక్ ఇంట్లో భోజనానికి బీన్స్ పులుసు, నల్ల రొట్టె, ప్లమ్ పండ్ల కేకు వచ్చాయి. వీస్నర్ తలెత్తకుండా తిన్నాడు. లిపిన్‌స్కీ తలుపు పక్కన కొక్కానికి వేలాడుతున్న పందిమాంసం వైపే చూస్తూ తిన్నాడు. వెర్నింక్ భార్య కూడా ఒకసారి దాని వైపు, ఒకసారి భర్త వైపు చూసింది.

"బేరం దుంపలకే కదా," అన్నాడు వెర్నింక్.

మాంసం కొక్కానికే ఉండిపోయింది.

క్లెమెన్స్ మాత్రం తన గిన్నె తెచ్చుకుని ఎవాల్డ్ పక్కన కూర్చున్నాడు. "ఎటు తిరుగుతానో నీకెలా తెలిసింది?"

"తిరిగే ముందు నీ ఎడమ భుజం కిందికి దిగుతుంది."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

క్లెమెన్స్ తన భుజాన్ని తనే వంచి చూసుకున్నాడు. ఇద్దరూ కేకు తింటూ ఎడమ భుజం గురించి, కుడి మోకాలి గురించి చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్తాల మీద కూర్చున్న జట్టు మాంసం గురించే గొణిగింది. "మా ఆవిడకి ఏం చెప్పను?" అన్నాడు గోల్‌కీపర్. "సోబోట్కా తినేశాడని చెప్పు," అన్నాడు లిపిన్‌స్కీ. కాలనీ దీపాలు కనిపించాక వీస్నర్ అన్నాడు: "దుంపల ఆటకి నువ్వు పనికిరావు ఎవాల్డ్. ఇంకెప్పుడూ నిన్ను తీసుకురాను."

"మరి లీగ్‌కి, వీస్నర్ గారూ?"

"పేర్లు శనివారం పెడతాం కదా. చూసుకో."

ఆ వారం ఎవాల్డ్‌కు బొగ్గు తవ్వినట్టే లేదు. శనివారం మధ్యాహ్నం, జట్టు జాబితా సారాయి దుకాణం బయట అద్దాల పెట్టెలో పెట్టే వేళకు, అతను ఆ వీధికి వెళ్లాడు. గుంపును చూసి, ఎదుటి కాలిబాట మీదుగా తల తిప్పకుండా నడిచి ఇంటికి వచ్చేశాడు.

వాళ్లమ్మ ఆగ్నెస్ అప్పుడే రొట్టె తెచ్చి లోపలికి వచ్చింది. సంచీ దించింది. బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, మూలనున్న అతని బూట్లు తెచ్చి దాని మీద పెట్టింది. పుల్లతో మట్టి గీకడం మొదలుపెట్టింది.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"ఊరంతా చూసే చోటికి ఈ మట్టితో వెళ్తావా?"

ఎవాల్డ్ నిలబడే ఉన్నాడు. "నువ్వు చూశావా?"

"జాబితాలో మూడో వరస. నడిమి పేరు. కళ్లజోడు లేకపోతే ఏం, మన పేరు ఆ మాత్రం కనపడదా?" ఆమె రెండో బూటు అతని వైపు జరిపింది. "కూర్చో. దీన్ని నువ్వు తుడువు."

ఎవాల్డ్ కూర్చుని బూటు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆవుల బీడులో అంటిన మట్టి ఎండి గట్టిపడి ఉంది. అతనికి తొందరేమీ అనిపించలేదు. కుట్లలో ఇరుక్కున్నదాన్ని కూడా ఒక్కొక్కటిగా తీస్తూ, అమ్మ పక్కన చాలాసేపు కూర్చున్నాడు.