తలుపు మీది నీడలు

గోడల మీద బొమ్మలెందుకని అడిగేవాళ్లకు నేనొకటే చెబుతాను. కొన్ని అందానికి, కొన్ని అబద్ధానికి. ఆ ఆసుపత్రిలో నేను వేసింది రెండో రకం. మతిమరుపు ముదిరినవాళ్లు బయటికి వెళ్లిపోకుండా వార్డు గోడంతా పుస్తకాల అరలు వేసి, ఉన్న ఒక్క తలుపునూ వాటిలో కలిపేయమన్నారు. కలిపేశాను. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. అప్పటికి మా అన్నయ్య బాగానే ఉన్నాడు మరి.

రెండేళ్లు తిరిగేసరికి ఆయనా ఆ వార్డులోనే చేరాడు. అంతకుముందు ఆరు నెలలు ఇంట్లోనే పెట్టుకు చూశాను. నేను పని నుంచి వచ్చేసరికి రెండుసార్లు గ్యాస్ తెరిచే ఉంది. ఇక నా వల్ల కాలేదు.

మిగతావాళ్లంతా ఆ గోడ చూసి వెనక్కి తిరుగుతున్నారట. అన్నయ్య మాత్రం నేరుగా వెళ్లి తలుపు తోసేస్తున్నాడట. కిందటి వారం రోడ్డు మీద లారీల మధ్య దొరికాడు. పెద్ద నర్సు నన్ను పిలిపించింది. నిప్పంటుకుంటే అందరూ లోపలే పోతారు కాబట్టి తాళం వేసే వీల్లేదని, ఇంకోసారి వెళ్తే మంచానికి కట్టక తప్పదని, ముందు నీ బొమ్మ సరిచేయమని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. నా పనికి వంక పెట్టడానికి ఈవిడెవరు?

రంగులు పట్టుకుని వెళ్లాను. అన్నయ్య నన్ను పోల్చుకోలేదు. కుంచె చూసి మాత్రం దగ్గరికొచ్చి, తలుపు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇది వేసిన వెధవెవడోగానీ, వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకోలేదు."

కిటికీ ఎడమ పక్కనుంది. గోడ మీది పుస్తకాల నీడలన్నీ కుడికి పడ్డాయి. తలుపు మీదవి మాత్రం ఎడమకి. అప్పట్లో తలుపొక్కటీ ఊడదీసి, మా షెడ్డుకు తీసుకెళ్లి బొమ్మ వేశాను, అక్కడ వెలుతురు కుడినుంచి వస్తుంది. నలభై ఏళ్ల కిందట ఆయన నెత్తీ నోరూ కొట్టుకుని నాకు నేర్పిన మొదటి పాఠమే అది. తన పేరు మరిచిపోయాడు గానీ దాన్ని మరిచిపోలేదు.

కుంచె కింద పెట్టేశాను. దిద్దితే ఆయనకున్న ఒక్క దారీ నేనే మూసినట్టు. దిద్దకపోతే లారీలు, లేదంటే కట్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బొమ్మకేం, బాగానే ఉంది, పోనిమ్మన్నాను.

వింటేనా! కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. నలుపు తగ్గించమని, నీలం కాస్త కలపమని, చెయ్యి బిగబట్టొద్దని కసురుతూ ఒక్కో నీడా దగ్గరుండి దిద్దించాడు. ఆయన్ని అంత హుషారుగా చూసి ఎన్నాళ్లయిందో. నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రానికి పని అయిపోయింది. అన్నయ్య నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఇప్పుడు కుదిరిందన్నాడు. నా భుజం తట్టాడు. ఇక ఇంటికి వెళ్తానని చెప్పులేసుకుని గోడ వెంట నడిచాడు. తలుపు ముందునుంచే దాటిపోయాడు. మూల దాకా వెళ్లి, మళ్లీ దాటుకుంటూ వెనక్కి నా దగ్గరికే వచ్చాడు.

"తలుపెక్కడుంది బాబూ?" అని అడిగాడు.

నాకూ తెలియదన్నాను.