అంటని అంచుపట్టీ

ఫలక్‌నుమా వర్క్‌షాప్‌లో కృపాకర్ అల్మారా తలుపుకు అంటించిన అంచుపట్టీ మళ్లీ ఊడింది. జిగురు మార్చాడు, వేడి పెంచాడు; అయినా అంటీ అంటనట్టే ఉంది. పట్టీకి పట్టు లేదు, అతనికి పట్టుదల తప్ప దారి లేదు. ఇంకోసారి ఊడితే పని వేరేవాళ్లకిస్తానని అల్మారా చేయించుకుంటున్న విఠల్‌రావు చెప్పేశాడు.

అన్నం తెచ్చిన తల్లి లీలమ్మ తలుపు అంచును వేలితో రాసి, వేలికంటిన రంపపు పొట్టు చూపించింది.

"ఏందిరా గిది? మొహం కడుగకుండ పౌడర్ రాస్తున్నవా? మీ బాపు కోసిన చెక్కను తువ్వాలతోటి తుడిచి, చెంపకు ఆనించి చూసేటోడు. గరుకు తగిల్తె మళ్ల తుడుసుడే."

కృపాకర్ శుభ్రంగా తుడిచి అంటించాడు. ఈసారి గోరుతో లాగినా పట్టీ కదల్లేదు. రెండో తలుపునూ తుడిచి, కళ్లు మూసుకుని చెంపకు ఆనించాడు.

"నున్నగనే ఉన్నది గద, ఇగ ఇడువురా!"

"ఆగమ్మా, జర చూడనియ్," అన్నాడు, కళ్లు తెరవకుండానే.