గాలిలో సవతి

ధర్మవరంలో మహేశ్వరి సిల్క్స్ పెద్ద అంగడే. పేరు మాత్రం చనిపోయిన మనిషిది. యజమాని మార్కండేయులు మొదటి పెళ్ళాం మహేశ్వరి కాపురానికి వచ్చిన నాలుగేళ్ళకే జ్వరంతో పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన హిందూపురం పిల్ల మంజులను చేసుకున్నాడు. బోర్డు మారిస్తే గిరాకీ పోతుందన్నాడు. మంజుల సరేనంది. బోర్డుతో కాపురం చేయాలా ఏమన్నా అనుకుంది.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం కూడా ఉంది. రెండో పెళ్ళాం కొత్త చీర కట్టే ముందు దాన్ని మొదటావిడ పటం ముందు పెట్టి, కుంకుమ పెట్టి, ఆమె కట్టుకున్నట్టే అనుకొని, అప్పుడు తాను కట్టుకోవాలి. మంజుల ఇన్నేళ్ళూ ఏ లోటూ రానివ్వకుండా చేసింది. పటం ఎంతైనా పటమే కదా, చీర మడత కూడా విప్పదు. ఆపాటి సవతితో ఎవరైనా సర్దుకుపోతారు.

చిక్కంతా హోలోగ్రామ్ ఫ్యాన్‌తో వచ్చింది. పెనుకొండలో పెళ్ళి వీడియోలు తీసే నాగేష్ తెచ్చి బిగించాడు. నాలుగు రెక్కలు, వాటి నిండా సన్నసన్న లైట్లు. స్విచ్ వేస్తే రెక్కలు మాయమై, గాలిలో నిలువెత్తు బొమ్మ నిలబడుతుంది. ఒకప్పుడు బెంగళూరు మాల్స్‌లో తప్ప కనపడని సరుకు ఇప్పుడు ఒక పెళ్ళి పట్టుచీర ధరకే దొరుకుతోంది. చీర కట్టి చూపించడానికి ఎవరి బొమ్మ పెడదామని మాట వచ్చింది. అత్త కుళ్ళాయమ్మ పెట్టె తెరిచి మహేశ్వరి పెళ్ళి సీడీ తీసి ఇచ్చింది. అంగడి పేరు ఆమెదే అయినప్పుడు ఊరూపేరూ లేని మోడల్ ఎందుకంది. నాగేష్ ఆ సీడీలోని పెళ్ళికూతుర్ని కంప్యూటర్లో వేసి, అన్ని పక్కలా తిరిగేట్టు చేసి, మెమరీ కార్డులో ఎక్కించి ఫ్యాన్‌కు పెట్టాడు. కొత్త చీర ఫోటో పంపితే చాలు, దాన్నే బొమ్మకు కట్టేవాడు.

అప్పటి నుంచి మగ్గం మీద నుంచి దిగిన ప్రతి చీరా ముందు మహేశ్వరి ఒంటి మీదకే ఎక్కుతోంది. కట్టుకున్నట్టు అనుకోవడాలు లేవు, కట్టుకునే తిరుగుతుంది. పైట విసురుతుంది. భుజం మీదుగా వెనక్కి చూసి నవ్వుతుంది. రోడ్డున పోయేవాళ్ళు బండ్లు ఆపి మరీ చూసేవాళ్ళు. పిండిబొమ్మను చేసి పీట మీద కూర్చోబెడితే ఆడబిడ్డతనానికి అదిరిపడిందట. ఇక వెలుగుబొమ్మ సవతితనం చేయకుండా ఊరుకుంటుందా?

ఒకరోజు మడకశిర నుంచి వచ్చిన ఒకావిడ బొమ్మను తనివితీరా చూసి, గల్లాపెట్టె దగ్గరున్న మంజుల వైపు తిరిగింది.

“ఆయమ్మ ఓనరు పెండ్లామంట కదా, ఎంత సక్కగుండాది. నువ్వు ఈడ పని చేస్తాండావా?”

మంజుల ఆమె తీసుకున్న చీర మడతపెట్టి ఇచ్చింది. ఆ పూట అన్నం సహించలేదు.

అసూయకు లెక్కలు వేరే ఉంటాయి. మొగుడు ఫ్యాన్ వైపు చూస్తే మంజులకు కడుపు మండేది. చూడకపోతే, తాను లేనప్పుడు చూస్తున్నాడేమోనని ఇంకా మండేది. నిజానికి ఆయన బేరాల్లో పడి ఆ వైపు తల తిప్పేదే తక్కువ. అది కూడా ఆమెకు దొంగతనంలాగే కనిపించింది. కరెంటు ఆదా అని స్విచ్ ఆపేది, కుళ్ళాయమ్మ వచ్చి వేసేది. ఇద్దరి మధ్యా ఆ స్విచ్ అరిగిపోయింది.

అన్నిటికంటే ఆమెను కాల్చింది ఆ వయసు. బొమ్మలో మహేశ్వరికి ఇవాళా ఇరవై రెండేళ్ళే, రేపూ ఇరవై రెండేళ్ళే. మంజులకు చెవుల పక్కన జుట్టు నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. చచ్చిపోయినవాళ్ళకు ఏ నొప్పీ లేదు, నిగనిగలాడుతూ తిరుగుతారు. ఇంత అన్యాయపు పోటీ ఎక్కడైనా ఉంటుందా? ఆయన కళ్ళకు తాను ముసలిదైపోతానని, ఆ పిల్ల ముందు ఇక ఏనాటికీ నిలవలేనని ఆమె భయం.

చివరికి పుట్టింటికి పోతున్నానని చెప్పి, హిందూపురం రైలెక్కి పెనుకొండలో దిగిపోయింది. పెళ్ళికూతుళ్ళ చీరలేగాక వాళ్ళ తల్లులు కట్టే చీరలు కూడా చూపించాలని యజమాని అనుకుంటున్నాడని నాగేష్‌కు చెప్పింది. అందుకని మహేశ్వరికి వయసు పెంచాలి, బతికి ఉంటే ఇప్పుడెలా ఉండేదో అలా చేయాలి. నాగేష్ నమ్మాడు. మంజుల పక్కన కూర్చుని చేయించింది. నుదుటి మీద తెల్ల వెంట్రుకలు వేయించింది, కళ్ళ కింద నల్లగా చేయించింది, నడుం రెండింతలు చేయించింది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూనే ఉంది.

“ఇంగ చాలక్కా,” అన్నాడు నాగేష్. “ఇంకా వేస్తే అవ్వైపోతాది.”

మెమరీ కార్డు కొంగున ముడేసుకుని తిరుగు రైల్లో కూర్చుంటే మంజులకు చాన్నాళ్ళ తర్వాత ఆకలేసింది. పల్లీలు కొనుక్కుని ఒలుచుకుంటూ తింది.

మర్నాడు పొద్దున తానే ముందుగా అంగడి తెరిచి, కార్డు మార్చి, స్విచ్ వేసింది. నలభై ఆరేళ్ళ మహేశ్వరి గాలిలో నిలబడింది. బరువుగా తిరిగింది, నెమ్మదిగా నవ్వింది. మంజుల కళ్ళు చల్లబడ్డాయి.

మార్కండేయులు వచ్చాడు. చేతిసంచి ఇంకా కింద పెట్టలేదు. బొమ్మను చూసి ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మంజుల తల్లుల చీరల కథ నోట్లో సిద్ధంగా పెట్టుకుని నిలబడింది. 

“ఎవురు చేయించినారు ఇది?” అన్నాడు ఆఖరికి.

“నేనే,” అంది.

ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో అంగట్లో ఎన్నడూ పట్టుకున్నవాడు కాదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

“నా మనసులో మాట నీకెట్లా తెలిసె, మంజులా? ఇన్నాళ్ళూ ఆ పిల్లను చూస్తే ఎవురి బిడ్డో అనిపిస్తాండె. నా జుట్టు చూడు, ఆ పిల్ల యాడ, నేను యాడ. సిగ్గయి తల తిప్పుకుంటాంటి.” ఆయన మళ్ళీ బొమ్మ వైపు చూశాడు. “ఇప్పుడు నా పెండ్లాం మాదిరి ఉండాది.”

మంజుల చేతులు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. ఇన్ని నెలలూ లేని సవతిని చూసి ఏడ్చింది. ఇప్పుడు ఉన్న సవతిని తానే పోయి పిలుచుకొచ్చింది. గట్టిగా ఏడవాలనిపించింది, కానీ ఆ ఏడుపుకు కారణం ఏమని చెప్పాలి?

ఆయన చేతులు వదిలి, కుర్చీ ఒకటి ఇటు తెచ్చి వేయమన్నాడు. మంజుల తెచ్చి ఫ్యాన్‌కు ఎదురుగా వేసింది.