నిమిషానికి అరవై చుట్లు

మా మామగారిలో ఒకే ఒక్క లోపం ఉంది: తనలో ఏ లోపమూ లేదనుకోవడం. మిగతావన్నీ దాని సంతానం.

రిటైరయ్యాక ఆయన ఆరేళ్లుగా ఒక్క పాట చరిత్ర రాస్తున్నారు. యుద్ధం రోజుల్లో ఇంటింటా పాడుకున్న పాట అది. దాని రికార్డులు మూడున్నాయి: మొదటిది ఒంటిగొంతు, రెండోది మిలటరీ బ్యాండు, మూడోది మగవాళ్ల బృందగానం. కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను మీద ఆ మూడే మోగాలి. వేరేది పెడితే ముల్లు అరిగిపోతుందట.

మొదటి రికార్డు మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది. అందుకని పుస్తకంలో, "గాయకుడెవరో తెలియదు. బరువైన మగగొంతు. యుద్ధవిషాదమంతా ఆ నడకలోనే ఉంది" అని రాసేశారు.

"మగగొంతేమిటండీ? పాడింది మా అక్క. స్టూడియోకి నేనూ వెంట వెళ్లాను" అన్నారు అత్తయ్య, వందోసారి.

"ఆధారం?"

"నేనే."

"నువ్వు ఆధారానివి కాదే, భార్యవి."

ఆ అక్క ఇప్పుడు లేదు. జన్మలో పాడిన రికార్డు అదొక్కటే. ఆవిడ పేరు అచ్చులో చూసుకోవాలని అత్తయ్య ఆశ. ప్రూఫులు ఆ మధ్యాహ్నమే ప్రెస్సుకి వెళ్లిపోతాయి.

మామగారు స్నానానికి వెళ్లగానే నేను రికార్డు అంచున కాగితం ముక్క అంటించాను. అత్తయ్య గడియారం పట్టుకున్నారు, నేను చుట్లు లెక్కపెట్టాను. నిమిషానికి డెబ్బై ఎనిమిది తిరగాల్సింది అరవై తిరుగుతోంది! అంత మెల్లగా తిరిగితే ఆడగొంతు కూడా మగగొంతులా బరువెక్కుతుంది. పెట్టె విప్పితే లోపల గ్రీజు బంకలా గడ్డకట్టింది. తుడిచి, కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసి, స్పీడు మర కాస్త తిప్పాను.

మామగారు తువ్వాలుతో వచ్చేసరికి పాట మొదలైంది. చురుకైన ఆడపిల్ల గొంతు. విషాదం సంగతి అటుంచి, నవ్వాపుకుని పాడుతున్నట్టుంది.

"ఎక్కడిదమ్మా ఈ రికార్డు?"

"మీదే మావయ్యగారూ."

రెండో చరణంలో, ఆరేళ్లుగా ఎగురుతున్న చోటే ముల్లు ఎగిరింది. ఆయన తన గడియారం తెచ్చుకుని చుట్లు తానే లెక్కపెట్టారు, రెండుసార్లు. తర్వాత ప్రూఫు తీసి, ఎర్ర పెన్సిలుతో "మగగొంతు" కొట్టేసి, పక్కన వదినగారి పేరు రాశారు.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ పేరు చదువుకున్నారు. చాలాసేపు చదువుకున్నారు, ఉన్నవి నాలుగక్షరాలే అయినా.

"రాశారు, సంతోషం. నోటితో కూడా ఒక మాట..."

మామగారు తువ్వాలులోకి ఏదో గొణిగారు.

"ఏమన్నారూ? మీకూ నూనె వేయమంటారా?"

"నాదే తప్పే! పాడింది మీ అక్కే!"