ఎక్కడికని అడగని ఇల్లు

కొండల్ రావు తుపాకి అమ్మేసి రెండేళ్ళయింది. వేట మానేశానని అందరికీ చెప్పుకున్నాడు గాని, నిజానికి కొండల్లో మానేసి దుకాణాల్లో మొదలుపెట్టాడు. విదేశంలో, పోర్ట్‌లీష్ అనే ఊరి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, శనివారం వచ్చిందంటే చాలు, కొండలెక్కేవాళ్ళ సరుకు అమ్మే కొట్లో దూరి, ఒక్క వాన కోటు జిప్పునే పదేపదే లాగి చూసి, ఆ అమ్మే పిల్ల ప్రాణం తోడేసేవాడు. భార్య ప్రభావతి పక్కన కుర్చీలో కూర్చుని ఆవలించేది. చీరల కొట్లో విసుగు పుడుతుందని వాపోయే మగవాళ్ళు ఒక్కసారి వచ్చి ఈమె ముఖం చూడాలి.

ఈ సరంజామా అంతా పడమటి ప్రయాణాల కోసం. మేయో, గాల్వే కొండల్లో ఎర్ర జింకలుంటాయి. వాటిని దూరం నుంచి చూసి రావడం, అంతే. ఆ ఆలోచన కొండల్ రావుదీ, స్నేహితుడు మోజెస్‌దీ.

మోజెస్ అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. బాపట్ల మనిషి, ఆరడుగుల పైన ఎత్తు, పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చి కాగానే నేరుగా వీళ్ళింటికొచ్చి, ప్రభావతిని అక్కా అని, ఇతన్ని బావా అని పిలుస్తూ సాయంత్రం దాకా ఉండేవాడు. ఇద్దరూ లైసెన్సు తుపాకులు పట్టుకుని ఏళ్ళ తరబడి స్లీవ్ బ్లూమ్ కొండల్లో తిరిగారు. కొండల్ రావు కంట్లో శుక్లం మొదలై, గురి తప్పి ఒక జింక కుంటుతూ పారిపోయిన రోజున ఇద్దరూ కలిసే తుపాకులు వదిలేశారు.

పోయిన అక్టోబరులో మోజెస్ ఒక్కడే ముందుగా పడమరకు బయల్దేరాడు. మళ్ళీ రాలేదు.

ఆ పొద్దున అతను వీళ్ళ గుమ్మంలో నిలబడి, "అక్కా, స్టీలు ఫ్లాస్కు ఉంటే ఇవ్వండి. నేను ముందెళ్ళి జాగా చూసొచ్చి చెప్తాను. తర్వాత బావని తీసుకెళ్తా," అన్నాడు. కొండల్ రావు నోరు తెరిచాడు. "ఎక్క..." అన్నాడో లేదో, ప్రభావతి అతని చెయ్యి గట్టిగా నొక్కింది. మాట అక్కడే ఆగింది. మోజెస్ నవ్వి, ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయాడు.

బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. మనలో చాలా ఇళ్ళలో ఉన్నదే. కరీంనగర్ వైపు కొండల్ రావు వాళ్ళది తాతల నాటి నుంచి వేట తెలిసిన ఇల్లు, అక్కడ ఆ పట్టింపు మరీ ఎక్కువ. అడిగారా, తుపాకి కింద పెట్టి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మనసు కుదుటపడితేనే మళ్ళీ లేవాలి. కొత్తకోడలిగా ప్రభావతి ఒక్కసారి అడిగి అత్తగారి చేత తిన్న చీవాట్లు ఈనాటికీ మరచిపోలేదు. ఆ తర్వాత ఆ మాట ఆమె నోట రాలేదు. ఎవరి నోటా రానివ్వలేదు.

గార్డులు, అంటే అక్కడి పోలీసులు, వచ్చి "ఎక్కడికి వెళ్తున్నానని చెప్పాడు?" అని అడిగినప్పుడు మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మేం అడగలేదు. మాలో అడగరు," అంది ప్రభావతి. పోలీసాయన తలెత్తి ఆమెను ఒక్క క్షణం చూశాడు. మోజెస్ కారు గ్యారేజీలో ఉంది, బస్సులో వెళ్ళాడు. ఫోను చివరిసారి వెస్ట్‌పోర్ట్ అనే పడమటి ఊళ్ళో పలికింది. అక్కణ్ణుంచి ఎటు చూసినా కొండలే. హెలికాప్టరు తిరిగింది, కుక్కలు తిరిగాయి. ఎక్కడని వెతుకుతారు పాపం! చివరికి వెతకడం ఆపేశారు.

ఇప్పుడు మార్చి. కొండల్ రావు మళ్ళీ సామాను కొంటున్నాడు. ఒంటరిగా వెళ్తాడట. ఆ కొండలు ఇతన్ని కూడా మింగుతాయేమోనని ప్రభావతికి అన్నం సహించడం లేదు. కార్క్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే కూతురు లోహితకు ఫోన్ చేస్తే, "మమ్మీ, హీ ఈజ్ గ్రాండ్, బాగానే ఉన్నాడు. బాధ నుంచి బయటికి రానీ," అంది. బయటికి రావడమంటే వాన కోట్లు కొనడమా అని ఈమెకు ఒళ్ళు మండింది.

ప్రభావతికి మొదట కొత్త బైనాక్యులర్స్ దగ్గర అనుమానం వచ్చింది. కళ్ళద్దాలున్నవాళ్ళు దాని రబ్బరు కప్పులు లోపలికి తిప్పుకుని చూడాలి, లేనివాళ్ళు పైకి తిప్పుకోవాలి. కొండల్ రావుకి సోడాబుడ్డి అద్దాలు. అయినా ప్రతి పొద్దునా అవి పైకే తిరిగి ఉండేవి.

"మీరేనా తిప్పింది?" అని అడిగింది.

"నేనెందుకు తిప్పుత? నాకు కనబడొద్దా?" అంటూ అతను మళ్ళీ లోపలికి తిప్పాడు. మర్నాటికి మళ్ళీ పైకి.

ఆ తర్వాత బూట్లు. అతని కాలు ఎనిమిదో నంబరు. కొని తెచ్చినవి పదో నంబరు. దుకాణంలో మెత్తగా అడుగులేసి, "సరిగ్గ సరిపోయినయ్," అన్నాడని ప్రభావతికి గుర్తుంది, అప్పుడు నంబరు చూసుకోలేదు. ఇంట్లో తొడిగి నడిచినా చక్కగానే నడుస్తున్నాడు. పది నంబరు ఎవరిదో, కళ్ళద్దాలు లేనిదెవరికో ఆమెకు తెలుసు. ఆదివారం ఆదివారం గుమ్మం పక్కన విప్పిన ఆ పడవల్లాంటి బూట్లు ఆమెకే అడ్డమొచ్చేవి.

బూట్లను అట్టపెట్టెతో సహా మెట్ల కింది ప్రెస్‌లో, అదే అలమరలో, పెట్టింది. రెండ్రోజుల తర్వాత చీపురు కోసం ప్రెస్ తలుపు తీస్తే కుళ్ళిన గడ్డి వాసన కొట్టింది. పెట్టె మూత తెరిచింది. గడప దాటని కొత్త బూట్ల అడుగున నల్ల బురద. వేలు పెట్టి చూస్తే ఇంకా తడిగా ఉంది. పోర్ట్‌లీష్ వీధుల్లో అటువంటి బురద ఉండదు. ప్రభావతి అక్కడే నేల మీద కూలబడింది. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. ఇంత చలిలో ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో ఈ పిల్లవాడు అనిపించింది. ఆ పిల్లవాడికి అరవై దాటాయి.

కొండల్ రావు మాత్రం రోజురోజుకూ తేలికపడుతున్నాడు. వెనక గదిలో మంచం మీద సామాను పరిచి, ఎవరితోనో మంతనాలాడినట్టు గొణిగేవాడు. "ఉన్నివా? తడిస్తే బరువైతయ్ గద... సరే, నువ్వు చెప్తె తీస్కుంట." ప్రభావతి తలుపు నెడితే గదిలో అతనొక్కడే ఉండేవాడు. ఒకటికి రెండు టోపీలు, రెండు చేతికర్రలు.

మంగళవారం పొద్దున చినుకులు పడుతున్నాయి. ప్రభావతి వంటింట్లోంచి వచ్చేసరికి అతను కోటు తొడిగి, సంచీ తగిలించుకుని, పదో నంబరు బూట్లతో గుమ్మంలో ఉన్నాడు.

"పోయొస్త ప్రభా," అన్నాడు. అంటూ ఆమెను చూడలేదు. తలతిప్పి కారు వైపు చూశాడు. కారు ఎడమ పక్క తలుపు తెరిచే ఉంది. లోపలి సీటు పొడుగు కాళ్ళవాళ్ళు కూర్చోవడానికన్నట్టు వెనక్కి జరిపి ఉంది. తలుపు తెరిచున్న ఆ సీటు మీద ఒక్క చినుకు కూడా పడడం లేదు.

ఇతను వెళ్తాడు, ఇక రాడు. ఆ సంగతి ప్రభావతికి పగలంత తేటగా తెలిసిపోయింది. మనసులో ఎదురుగా ఆనాటి అత్తగారి కళ్ళు, వెనక ఇన్నేళ్ళ అలవాటు. ఆ అలవాటుతోనే కదా ఒక మనిషిని పోగొట్టుకున్నది. పాడు నోరు, ఆనాడు మూసుకున్నది చాలు అనుకుంది.

"ఎక్కడికి?" అంది. సరిపోలేదనిపించి గట్టిగా అరిచింది. "ఎక్కడికి పోతున్రు? నాకు చెప్పి పోండ్రి!"

కొండల్ రావు ఆగిపోయాడు. నిద్రలోంచి లేపినట్టు కళ్ళు ఆర్పాడు. కారు వైపు చూసి, ఏదో విని, తలూపాడు.

"లాఖనీయా అని చిన్న చెరువట. వెస్ట్‌పోర్ట్ దాటినంక, పాత సున్నపు బట్టీ కాణ్ణుంచి పైకెక్కాలె. చెరువు కింద రాళ్ళతోని కట్టిన గొర్ల దొడ్డి ఉన్నదట. గోడ పడ్డదట."

"ఎవరు చెప్పిండ్రు?"

"మోజెస్. చూసొచ్చి చెప్తనన్నడు గద." కొండల్ రావు సంచీ దించి కింద పెట్టాడు. "ఒక్కరన్న అడుగుతరని చూస్తున్నడట ప్రభా. ఎవ్వరు అడుగలేదట."

ఆమె అతని భుజాలు పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టింది. అడిగాక మంచినీళ్ళు ఇవ్వాలి. వంటింట్లోకి వెళ్ళబోతుంటే, "రెండు గ్లాసులు తే," అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఒకటి అతని చేతికిచ్చి, రెండోది గడప దగ్గర పెట్టి, లోపలికి పోయి గార్డులకు ఫోన్ చేసి ఆ చోటు చెప్పింది.

తిరిగొచ్చేసరికి కొండల్ రావు గ్లాసు నిండుగా చేతిలోనే ఉంది. అతను చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నాడు. బూట్లు కాళ్ళకు నిలవక వాటంతటవే జారిపోయి మెట్టు కింద పడి ఉన్నాయి. గడప దగ్గరి గ్లాసు ఖాళీగా ఉంది. బయట కారు సీటు మీద చినుకులు పడుతున్నాయి.

సాయంత్రం పోలీసాయనే ఫోన్ చేశాడు. ఆనాడు ఇంటికొచ్చినాయనే. మోజెస్ దొరికాడు. చెరువు కింద, గొర్రెల దొడ్డిలో, కూలిన గోడ రాళ్ళ కింద. పక్కనే స్టీలు ఫ్లాస్కు. ఆ చోటు మీకు ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు.

"మోజెసే చెప్పాడు," అంది ప్రభావతి. "మేమే అడగడం ఆలస్యం చేశాం."