గోడ బయట కాలు

పెట్రోనిలా ఎడమ కాలికి ఉన్న నల్ల పెట్టె వానకు ఓర్చుకుంటుంది, బురదకు ఓర్చుకుంటుంది, వేడికి మాత్రం ఓర్చుకోదు. మందపాటి గోడల మధ్యకు పోయినా, మీద గుడ్డ కప్పినా గోల పెడుతుంది. అనుమతి లేకుండా దేశంలోకి వచ్చిన కేసు తేలేదాకా ఆమెను జైల్లో పెట్టకుండా కూతురి దగ్గర ఉండనిచ్చి, ఎటు పోతోందో కనిపెట్టడానికి అమెరికా ప్రభుత్వం తగిలించిన వస్తువది. కోళ్ల ఫ్యాక్టరీ చుట్టూ బతికే గ్వాతెమాలా వాళ్లంతా దాన్ని సంకెల అనే అంటారు. ఇప్పటికి రెండుసార్లు గోల పెట్టింది. మూడోసారి పెడితే నేరుగా లోపలికేనని ఆఫీసరు హోల్కోంబ్ చెప్పి ఉంచాడు.

ఇంతలో కూతురు ఫ్లోరిదాల్మా ప్రసవించింది. కాన్పు ఆసుపత్రిలో సుఖంగానే జరిగింది, పాలే పడలేదు. పసిది డబ్బాపాలు తాగినట్టే తాగి కక్కేస్తోంది. సోమవారానికి బరువు పెరక్కపోతే పిల్లను ఆసుపత్రిలోనే ఉంచేస్తామని నర్సు చెప్పి పంపింది.

పెట్రోనిలా తమ దేశపు కొండల్లో తల్లి దగ్గరా అమ్మమ్మ దగ్గరా పని నేర్చిన మంత్రసాని. పాలు పడకపోతే ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బాలింతను చూహ్‌లో, అంటే ఆవిరి గదిలో కూర్చోబెట్టి, వేడి ఆకులతో వీపూ రొమ్మూ మర్దించాలి. మంత్రసానీ లోపలే ఉండాలి. మొదలుపెట్టాక తలుపు తియ్యకూడదు, మధ్యలో లేచి రాకూడదు. ఆ తర్వాత కూడా చల్లనిదేదీ బాలింత దరిదాపులకు రాకూడదు, వస్తే పడ్డ పాలు వెనక్కి పోతాయి. అక్కడి కొండల్లో మామ్ అనే తమ భాష మాట్లాడే ఆడవాళ్లందరి నమ్మకమూ ఇదే. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, ఏడుస్తున్నది వాళ్ల పిల్ల కాదు గదా.

అల్లుడు ట్రైలర్ ఇంటి వెనక సిమెంటు ఇటుకలతో నడుమెత్తు గది లేపాడు. పైన రేకు, రేకు మీద మట్టి, తలుపుకు రెండు దుప్పట్లు. లోపల రాళ్లు కాగుతున్నాయి. పెట్రోనిలా దాని చుట్టూ తిరుగుతోందే గాని లోపలికి పోవడం లేదు.

"నేను పోనా లోపలికి?" అంది వియ్యపురాలు ఇసీద్రా.

"నీ చేతులు కోళ్ల ఈకలు పీకడానికి పనికొస్తాయి గాని, బాలింత ఒంటికి పనికిరావు వదినా."

"అబ్బో! కాలికి వేశారు గాని, ఆ సంకెలేదో నీ నోటికి వెయ్యాల్సింది."

పెట్రోనిలా గది చుట్టూ మరోసారి తిరిగింది. వెనక గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, అడుగు వరసలోంచి ఒక ఇటుక ఊడబెరికింది. ఆ కంతలో కాలు పెట్టి చూసుకుంది. పట్టింది.

"కాలు బయట, మనిషి లోపల," అంది.

ఇసీద్రా బుగ్గలు నొక్కుకుంది. "బయట ఎముకలు కొరికే చలి. ఆ చల్లటి కాలు రేపు బాలింతకు తగిలిందనుకో?"

"తగలనివ్వను."

తల్లీ కూతుళ్లు లోపలికి దూరారు. కాలి చుట్టూ ఉన్న సందుల్లో ఇసీద్రా తడిగుడ్డలు కూరింది. బకెట్ బోర్లించుకుని, గోడలోంచి పొడుచుకొచ్చిన ఆ కాలికి కాపలా కూర్చుంది.

ఆకుల ఘాటు పట్టి, చెమటలు కారుతున్న వేళకు వాకిట్లో కారు ఆగింది. హోల్కోంబ్ చెప్పి రాడు. వచ్చి పేరు పెట్టి పిలిస్తే మాత్రం మనిషి గుమ్మంలోకి రావాలి.

"పెట్రోనిలా!"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"వెళ్లమ్మా," అంది ఫ్లోరిదాల్మా. "పట్టుకుపోతారే నిన్ను!"

 పెట్రోనిలాకు రాత్రీపగలూ దీపాలార్పని ఆ జైలు గురించి విన్నదంతా గుర్తొచ్చింది. దుప్పటి తీస్తే వేడంతా పోతుంది. పాలు పడవు.

"నువ్వు కదలకు," అని మళ్లీ ఆకులు అందుకుంది.

బయట ఇసీద్రా ఇక ఆగలేకపోయింది. "ఇటు బాబూ, ఇటు! ఇంటి వెనక్కి రండి!"

హోల్కోంబ్ వచ్చి, చూసి, నిలబడిపోయాడు. "ఏంటిది?"

"పెట్రోనిలా."

"ఆమె ఎక్కడ?"

"ఇదిగో," అని కాలు చూపించింది.

"మిగతా మనిషి?"

"లోపల పనిలో ఉంది. ఇప్పుడు రాదు. అయినా మీకు కావాల్సింది ఇదేగా?"

 అతను గొంతుకూర్చుని, పట్టీకీ చీలమండకూ మధ్య వేలు దూర్చి లాగి చూశాడు. పెట్టె మీది నంబరు చదివాడు. ఫోనుతో కాలిని ఫొటో తీసుకున్నాడు. "సరే, ఉంది," అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "కాలు నీలమైపోతోంది. ఏదైనా కప్పండి."

"కప్పితే గోల పెడుతుందిగా బాబూ."

అతను కారెక్కి వెళ్లిపోయాడు.

లోపల పెట్రోనిలాకు ఆ వేలు తగిలింది, మాటలూ వినిపించాయి. బతికిపోయానని ముందు నవ్వొచ్చింది. తర్వాత అవమానంతో ఒళ్లు మండింది. మనిషి ఉందో లేదో తొంగి చూడాలని కూడా అతనికి అనిపించలేదు. ఆ మంటలోనే మర్దిస్తూ పోయింది. చాలాసేపటికి అరచేతికి చెమటకాని తడి తగిలింది. వాసన చూసింది. కూతురి మొహం చూసింది. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

ఇసీద్రా బాలింతను దుప్పట్లలో చుట్టి ఇంట్లోకి తీసుకుపోయింది. గదిలో వేడి బయటికి పోయాక పెట్రోనిలా ఒక్కతే కాలు లోపలికి లాక్కుంది. అది కట్టెలా ఉంది. పక్కనే రాళ్లు ఇంకా కణకణలాడుతున్నాయి గాని, వాటి దగ్గర కాలు కాచుకుంటే సంకెల ఊరుకోదు. కుంటుకుంటూ ఇంటి మెట్టు దాకా వచ్చి ఆగింది.

"అమ్మా, రా! తాగుతోంది చూడు!" లోపల్నించి ఫ్లోరిదాల్మా పిలిచింది.

"కాలు ఇంకా చల్లగానే ఉంది. ఇప్పుడు రాను."

"దూరంగా కూర్చుందువు గాని రా వదినా," అంది ఇసీద్రా. ఈసారి గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"వద్దు. తలుపెయ్యి, చలి పోతోంది లోపలికి."

ఇసీద్రా తలుపు వేసింది. పెట్రోనిలా ఇంటి పక్కకు వెళ్లి, కిటికీ కింద ఒంటికాలి మీద బరువు మోపి నిలబడి, మనవరాలి గుటకలు వింటూ ఉండిపోయింది.