మగ్గం గుంటలోకి మేజోళ్లు

రాజేశ్వరికి తన చేతుల మీద ఉన్న నమ్మకం గద్వాల మొత్తంలో ఇంకెవరికీ వాళ్ల చేతుల మీద ఉండదు. ఉండాల్సిందే మరి. మగ్గం మీద పాత నూలు అయిపోగానే ఆ కొసలకు కొత్త పోగులను అతికే పని ఆ ఇంట్లో ఆమెదే. వెంట్రుక లాంటి పోగులు, వేలకు వేలు. వేళ్లకు కాస్త బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి, ఒక్కసారి లాగి చూసుకుంటుంది. అప్పుడు తెగలేదంటే ఇక చీర అయ్యేదాకా తెగదు. ఆమె అతికిన పోగు తెగిందని భర్త జంగయ్య ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. అనడానికి సందు దొరికితే ఊరుకునే మనిషి కాదాయన.

అలాంటి మనిషి సాక్సులు అల్లడం నేర్చుకోవాలనుకుంటే జంకుతుందా? జంకలేదు.

నేర్చుకోవాల్సి వచ్చింది జంగయ్య కాళ్ల వల్ల. షుగరు వచ్చి ఆయన పాదాలకు స్పర్శ పోయింది. ఆయనది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అడుగున ఉన్న చెక్కలను పాదాలతో తొక్కుతూ నేయాలి. కార్తీకంలో ఒకనాడు చెక్క అంచు లేచి కుడికాలి చిటికెన వేలిని చీరింది. గుంటలో రక్తం కారుతున్నా ఆయనకు తెలియలేదు, కూనిరాగం తీస్తూ నేస్తూనే ఉన్నాడు. ఆ పుండు మానేసరికి రాజేశ్వరి సగమైపోయింది. ముందు గదిలో కిరాయికి ఉండే యమున దవాఖానలో నర్సు, కోడేరు రైతుబిడ్డ. రోజూ కట్టు కట్టింది ఆ పిల్లే. పుండు మానిన రోజు దాచకుండా చెప్పింది.

"పెద్దమ్మా, ఇంకోపారి గిట్లయితే వేలు తీసేస్తరు. వేలుతోనే ఆగుతదని గూడ చెప్పలేను. పెద్దనాయన కాళ్లకు తొడుగుండాలె. అది దొరికేదాంక మగ్గం ఆపమను."

మగ్గం ఆపడమా? జంగయ్య ఒక్క పూట కూడా ఆపలేదు. అంగడి నుంచి సాక్సులు తెస్తే వాటి ఎలాస్టిక్ పిక్క మీద గాడి పెట్టింది, యమునే తీసేయమంది. తీసేయమనకపోయినా జంగయ్య వాటితో గుంటలోకి దిగేవాడు కాదు. పొద్దున్నే మగ్గాన్ని తాకి కళ్లకద్దుకుని దిగే మనిషాయన.

"మొక్కే తావుల చెప్పులేసుకొని దిగుతరానే? మా నాయన దిగిండా?"

"సాక్సులు చెప్పులెట్లయితయి?"

"కాలికి తొడిగేదేదైనా చెప్పే."

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. జంగయ్య ముందు రాజు కూడా దండం పెట్టి పక్కకు తప్పుకోవాలి.

రాజేశ్వరి తప్పుకోలేదు. యమున హాస్టల్లో ఉన్నప్పుడు ఊలు అల్లడం నేర్చుకుంది, తీరిక దొరికితే పసిపిల్లలకు టోపీలు అల్లుతుంది. "నాకు నేర్పు బిడ్డా, బిగుతు లేకుంట నేనే అల్లుత. ఆయన సంగతి తర్వాత చూస్త" అంది రాజేశ్వరి.

"సాక్సు కష్టం పెద్దమ్మా. ముందు మఫ్లరు నేర్చుకో."

"మఫ్లరు ఆయన కాలికి చుట్టాల్నా?"

యమున నవ్వి సూదులు తెచ్చింది. మూడు సూదుల మీద ఉచ్చులు ముక్కాలి పీటలా నిలబడతాయి, నాలుగో సూదితో ఒక్కో ఉచ్చులోంచి దారం లాగి కొత్త ఉచ్చు వేస్తూ గుండ్రంగా తిరగాలి. మొదట్లో సూదులు జారి ఒళ్లో పడ్డాయి. సాయంత్రానికల్లా పడటం మానేశాయి. ఉచ్చులన్నీ ఒక్క తీరుగా, అచ్చు గుద్దినట్టు వచ్చాయి. "చూసినవా?" అంది రాజేశ్వరి. యమున నిజంగానే మెచ్చుకుంది.

తెల్లారి చూస్తే, అల్లినంత మేర ఆ సాక్సు బిగుతుకు నేల మీద తనంతట తానే నిలబడింది. రాజేశ్వరి తన చెయ్యి పెట్టబోతే వేళ్ల మొదళ్ల దగ్గరే ఆగిపోయింది. జంగయ్య కాలు సంగతి ఇక చెప్పాలా? అంగడి సాక్సు గాడి పెడితే ఇది సంకెళ్లే వేస్తుంది.

యమున ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అల్లమంది. కాసేపు చూసి, "ఉచ్చు పడ్డంక మళ్ల ఎందుకు గుంజుతున్నవ్ పెద్దమ్మా?" అని అడిగింది.

"గుంజకుంటే గట్టిగుందో లేదో ఎట్ల తెలుస్తది?"

"గట్టిగెందుకు? ఇది సాగాలె."

పోగు అతికి లాగి చూడటమే రాజేశ్వరి జన్మంతా చేసిన పని. ఇన్నేళ్లు అన్నం పెట్టిన అలవాటే ఇప్పుడు మొగుడి కాలికి ఉరి బిగిస్తోంది. తాను వేసిన ముడిని ఎప్పుడూ ఎవరూ విప్పలేదు. ఆ సాక్సును మాత్రం ఆమె తన చేతులతోనే విప్పింది. విప్పుతున్నంతసేపూ మనసు చివుక్కుమంటూనే ఉంది.

లాగొద్దనుకుంటూనే లాగేది. చివరికి యమున కట్టు కట్టే గుడ్డ చింపి ఆమె కుడిచేతి బొటనవేలికి చుట్టింది. "ఈ వేలుకు జర సెలవియ్యి" అంది. ఆ వేలు పక్కకు పోయేసరికి అల్లిక మెత్తబడింది. మడమ దగ్గర సగం ఉచ్చులతోనే వెనక్కీ ముందుకీ తిరుగుతుంటే బట్ట దానంతటదే మలుపు తిరిగింది. పుట్టినప్పటి నుంచి బట్టలో నిలువు, అడ్డం పోగులు తప్ప చూడని రాజేశ్వరికి అది చూసి చిన్నపిల్లకైనంత సంబరమైంది.

సంబరంగా తీసుకెళ్లి చూపిస్తే జంగయ్య తల ఎత్తకుండానే, "చెప్పే" అన్నాడు.

ఆ పూట ఆమె ఆయనతో మాట్లాడలేదు. కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. ఆ చెక్క మళ్లీ ఎప్పుడు లేస్తుందో ఎవరికి తెలుసు? మూలన రాట్నం దగ్గర, మొన్న దిగిన చీర తాలూకు మిగులు నూలు కండెలు పడి ఉన్నాయి. మామిడిపండు రంగు. వాటినే చూస్తూ కూర్చున్న రాజేశ్వరి ఉన్నట్టుండి లేచింది. నాలుగు పోగులు కలిపి పేనింది. సన్నగా ఉందని మళ్లీ కలిపి పేనింది. దారం ఊలంత లావుగా, మెత్తగా అయ్యాక సూదులు అందుకుంది.

సాక్సు పూర్తయిన పొద్దున, జంగయ్య గుంట గట్టు మీద కూర్చుని మగ్గానికి మొక్కుతుండగా తెచ్చి ఒళ్లో పడేసింది.

"ఇగో. ఇది చెప్పా, చీరా? చూసి చెప్పు."

ఆయన వేళ్ల మధ్య నలిపి చూశాడు. కళ్లు మూసినా తన మగ్గం నూలు ఆయన వేళ్లకు తెలుస్తుంది. "ఇది మన పసుపు చీర నూలు గదనే."

"మగ్గం మీద ఉన్ననాడు మొక్కినవ్. కాలి మీద ఉంటే చెప్పయితదా?"

జంగయ్య దాన్ని ఇంకోసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కుడికాలికి తొడుక్కున్నాడు. మడమ దగ్గర అడ్డం రాలేదు, పిక్క మీద గాడి పడలేదు. మగ్గాన్ని తాకి కళ్లకద్దుకుని, ఆ కాలిని గుంటలోకి దించాడు. ఎడమకాలు మాత్రం గట్టు మీదే ఉండిపోయింది.

"రెండోదేది?"

"ఇంక మొదలే పెట్టలే. నువ్వు ఏసుకుంటవని నాకేం తెలుసు?"

దించిన కాలిని జంగయ్య మళ్లీ పైకి తీసుకున్నాడు. గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. "అయితే అది గూడ అయినంకనే దిగుత" అన్నాడు.

పుండు పడిన నాడు కూడా మగ్గం ఆపని మనిషి. రాజేశ్వరికి కళ్లు చెమర్చాయి, ఆయనకు కనబడకుండా పక్కకు తిరిగి తుడుచుకుంది. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, ఆయన ఎదుటే కూర్చుని మొదటి ఉచ్చు వేసింది.

"జర జల్ది కానియ్యి" అన్నాడు జంగయ్య.

"జల్ది చేస్తే బిగుస్తది. కూసో."

ఆయన కూర్చున్నాడు.